నిజంగా బతికిన ఒక ఆడమనిషి మీద చారిత్రక నవల రాయాలనుకుంటే

పాత కాలంలో నిజంగా బతికిన ఒక ఆడమనిషి మీద నవల రాయాలన్న కోరిక చాలామందికి ఒకేలా మొదలవుతుంది, ఏదో చరిత్ర పుస్తకం చదువుతుంటే ఓ మూల రెండు లైన్లలో ఒక పేరు వస్తుంది, ఫలానా కేసులో ఫలానా ఆమె ఇలా అంది అని, ఇంక ఆ పేరు మనల్ని వదలదు. దాని వెంటపడి వెతకడం మొదలుపెడతాం. వెతికేకొద్దీ దొరికేవాటిలో కొన్ని మనం మనసులో గీసుకున్న బొమ్మకి సరిగ్గా సరిపోతాయి, కొన్ని అస్సలు సరిపోవు. సరిపోయినవి ఏరుకుని మిగతావి పక్కన పడేస్తే నవల త్వరగా అయిపోతుంది కానీ అందులో ఆమె ఉండదు, మనమే ఉంటాం. ఈ గైడ్‌లో నేను చాలా విషయాలు చెప్తాను గానీ అన్నిటికీ మూలం ఒకటే: సరిపోని నిజం ఎక్కడ తగిలితే అక్కడ ఆగండి, నవల అక్కడే ఉంటుంది.

రుఖ్మాబాయినే తీసుకోండి. 1864లో బొంబాయిలో పుట్టింది, 11 ఏళ్ళకి దాదాజీ భికాజీతో పెళ్ళయింది, కాపురానికి మాత్రం వెళ్ళలేదు. 1884లో అతను నా భార్యని నా దగ్గరకి పంపించండి అని కోర్టుకెక్కాడు, 1885లో జస్టిస్ పిన్హే ఆమె వైపు తీర్పిచ్చాడు, అప్పీల్లో అది తిరగబడింది, 1887 మార్చిలో జస్టిస్ ఫారన్ కాపురానికైనా వెళ్ళు లేదా 6 నెలలు జైలుకైనా వెళ్ళు అన్నాడు, ఆమె జైలుకే వెళ్తానంది. 1888లో 2,000 రూపాయలకి రాజీ కుదిరింది, ఆ తర్వాత లండన్‌లో డాక్టరీ చదివి వచ్చి సూరత్‌లో, రాజ్‌కోట్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి 1955లో పోయింది. ఇక్కడిదాకా ఎవరైనా ఉత్సాహంగా రాసేస్తారు. కానీ 1904లో దాదాజీ చనిపోయాక ఆమె వితంతువులా తెల్లచీర కట్టుకుందని ఆమె జీవితం రాసినవాళ్ళు చెప్తారు. ఈ పెళ్ళి నాకు పెళ్ళే కాదని అంత గట్టిగా నిలబడిన మనిషి, అతను పోతే తెల్లచీర ఎందుకు కట్టుకుంది? డాక్టరుగా ఇళ్ళలోకి వెళ్ళాలంటే ఆ బట్టలు ఒక రక్షణా? లోపల ఎక్కడో మిగిలిపోయిన నమ్మకమా? జాలా? అలసటా? ఇలాంటి ప్రశ్న చేతిలో ఉంటే 300 పేజీలు రాయొచ్చు. ఆ చీర సంగతి తీసేస్తే మిగిలేది స్కూల్లో చెప్పే ఉపన్యాసం.

ఎవర్ని ఎంచుకోవాలి

మహారాణులు, పెద్ద పేరున్నవాళ్ళ జోలికి మొదటి నవలకే వెళ్ళొద్దని నా సలహా. వాళ్ళ గురించి రోజువారీ లెక్కన రాసి ఉంటుంది, ఇప్పటికే ఎంతోమంది రాసేసి ఉంటారు, పాఠకుడి బుర్రలో ఆల్రెడీ ఒక మొహం ఉంటుంది. అలాగని పేరు తప్ప ఏమీ దొరకని మనిషినీ తీసుకోవద్దు, అప్పుడు అది నిజ జీవితం ఆధారంగా రాసింది అని చెప్పుకునే హక్కు మనకి ఉండదు.

మధ్యలో ఒక రకం ఉంటారు. బతుకంతా ఎవరి కంటా పడకుండా గడిపి, ఒక్కసారి మాత్రం కోర్టుకో, ఆసుపత్రికో, ఓడకో, ఫ్యాక్టరీకో, జైలుకో తగులుకున్నవాళ్ళు. ఆ కొన్ని నెలలు వాళ్ళ గురించి పేజీలకి పేజీలు ఉంటాయి, దానికి ముందు వెనక అంతా చీకటి. నవలకి ఇంతకంటే మంచి పరిస్థితి లేదు, ఎందుకంటే నడిమి భాగానికి గట్టి పునాది ఉంటుంది, రెండు పక్కలా మనకి చోటు ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఆర్తిగా అనే ఊళ్ళో బెర్‌ట్రాండ్ ద రోల్స్ అని ఒకామె, ఆమె భర్త మార్టిన్ గెర్ 1548లో ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు, 1556లో ఒకడొచ్చి నేనే మార్టిన్‌ని అన్నాడు, ఊరంతా నమ్మింది, ఆమె అతనితో మూడేళ్ళకి పైగా కాపురం చేసింది, చివరికి 1560లో తులూజ్ కోర్టులో విచారణ జరుగుతుండగా అసలు మార్టిన్ కర్రకాలుతో వచ్చి నిలబడ్డాడు, వేషం వేసినవాడిని ఉరి తీశారు. ఆమెకి తెలుసా తెలియదా? ఈ కథ దాదాపు మొత్తం మనకి తెలిసింది కేసు విన్న జడ్జి జాన్ ద కొరాస్ రాసిపెట్టడం వల్ల, ఆయనేమో ఆమె పాపం అమాయకంగా మోసపోయిందనే వైపు మొగ్గాడు. అలా రాస్తేనే ఆమె బతికి బట్టకట్టేది అని కూడా గుర్తుపెట్టుకోవాలి, తెలిసే చేసిందంటే ఆమెకీ శిక్ష పడేది. మోసపోయిన మనిషిలా కనిపించడం ఆమెకి అవసరం, అలా చూడటం జడ్జికి సుఖం. ఇక్కడ నిజం ఏంటో తేల్చేయకుండా నవల చివరిదాకా మోయగలిగితే మీరు రైటర్ అయినట్టే.

మనిషిని ఖాయం చేసుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి, ఈమె గురించి ఏ ఒక్క సంగతి నాకు అర్థం కావట్లేదు? అన్నీ అర్థమైపోయాయి అనిపిస్తే వేరే మనిషిని చూసుకోండి.

కలం ఎవరి చేతిలో ఉంది

రీసెర్చ్ అంటే ఎక్కువ చదవడం అనుకుంటారు, నా మటుకు చదివే ప్రతి కాయితం మీదా పైన చిన్న అక్షరాలతో మూడు విషయాలు రాసుకోవాలి: ఇది రాసింది ఎవరు, ఎవరికి చూపించడానికి రాశారు, ఆమె ఆ గదిలో ఉందా లేదా. ఆడవాళ్ళ విషయంలో ఇది తప్పనిసరి, ఎందుకంటే వాళ్ళ మాటలు ఎక్కువగా వేరేవాళ్ళ చేతి మీదుగానే మన దాకా వచ్చాయి.

ఆర్టెమీసియా జెంటిలెస్కి అని ఇటలీ చిత్రకారిణి, 1593లో రోమ్‌లో పుట్టింది. అగొస్టీనో టస్సీ అనే ఇంకో చిత్రకారుడు ఆమెని బలాత్కారం చేసిన కేసు 1612లో నడిచింది, ఆ విచారణ కాయితాలు ఇప్పటికీ ఉన్నాయి. కేసు వేసింది ఆమె కాదు, తండ్రి ఒరాజియో, అప్పటి లెక్కలో నష్టం జరిగింది ఆయన పరువుకి. చెప్పింది నిజమో కాదో తేల్చడానికి ఆమె వేళ్ళకి తాళ్ళు చుట్టి బిగించారు, బొమ్మలు వేసి బతికే మనిషి వేళ్ళకి, అలా బిగిస్తుంటే కూడా ఆమె నిజం నిజం అంటూనే ఉంది. ఈ సీన్ ఎవరికైనా రాయాలనిపిస్తుంది. కానీ అదే రికార్డులో ఇంకోటి ఉంది, ఆ ఘటన తర్వాత కూడా, అతను పెళ్ళి చేసుకుంటానన్నాడు కాబట్టి, ఆమె అతనితో సంబంధం కొనసాగించింది. ఈ రోజు పాఠకుడికి ఇది మింగుడుపడదు, అందుకే దీన్ని దాచేయాలనిపిస్తుంది. దాచొద్దు. ఆ కాలంలో పోయిన పరువు తిరిగి రావడానికి ఒక ఆడపిల్లకి ఉన్న దారి అదొక్కటే, ఆ దారిలో నడిచేటప్పుడు ఆమె ఏం ఆలోచించుకుందో చెప్పడానికే కదా మీరు కూర్చున్నది. ఇంకో సంగతి, ఆ విచారణలో ఆమె నాకు రాయడం రాదు, చదవడం కూడా కొంచెమే వచ్చు అని చెప్పింది, తర్వాత ఫ్లోరెన్స్ రోజుల్లో ఆమె రాసిన ఉత్తరాలు మనకి దొరికాయి. కోర్టు గుమాస్తా రాసిన ఆమె మాటలు ఒక పక్క, తనంతట తాను రాసుకున్న మాటలు ఇంకో పక్క. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే మనిషి గొంతు ఎక్కడ ఉందో తెలుస్తుంది.

ఆనందీబాయి జోషి విషయంలో ఇంకా చిక్కు. 1865లో పుట్టి, 9 ఏళ్ళకి పెళ్ళయి, 14 ఏళ్ళకి బిడ్డని కని పోగొట్టుకుని, 1883లో అమెరికా వెళ్ళి 1886లో డాక్టరు పట్టా తీసుకుని, 1887 ఫిబ్రవరిలో 22 నిండకుండానే పోయింది. భర్త గోపాలరావు పట్టుబట్టి చదివించాడు, అది నిజమే. ఆ చదువు కోసమే చిన్నపిల్లని కొట్టాడు, అదీ నిజమే, ఆమే అమెరికా నుంచి అతనికి రాసిన ఉత్తరంలో ఆ దెబ్బల సంగతి ఎత్తింది. ఆమె పోయిన ఏడాదికే కారొలైన్ డాల్ అనే అమెరికన్ ఆమె జీవితచరిత్ర రాసింది, తర్వాత కాశీబాయి కానిట్కర్ మరాఠీలో రాసింది, ఎవరి చూపు వాళ్ళది. గోపాలరావుని దేవుడిగానో రాక్షసుడిగానో చేసేస్తే పని సులువవుతుంది గానీ ఆనందీబాయి చిన్నదైపోతుంది. ఒకే మనిషి మీద కృతజ్ఞతా కోపమూ రెండూ మోస్తూ సముద్రం దాటిన అమ్మాయి ఆమె.

ఇంక ఎడిటర్లు తీసేసిన పేజీలు. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న కవయిత్రి, ఆమె కావ్యాన్ని 1887లో అచ్చువేసినప్పుడు శృంగారం ఎక్కువైందని కొన్ని పద్యాలు తీసేశారు, అంతటితో ఆగకుండా ఆమె తన గురించి, తన ఇంటి ఆడవాళ్ళ గురించి చెప్పుకున్న పీఠిక కూడా తీసేశారు. బెంగళూరు నాగరత్నమ్మ మూలప్రతి సంపాదించి 1910లో మొత్తం మళ్ళీ అచ్చువేయిస్తే దాన్ని నిషేధించారు, ఆ నిషేధం 1947లో గానీ పోలేదు. కాబట్టి చేతికి దొరికిన ఎడిషన్‌తో సరిపెట్టుకోకండి, అంతకు ముందుది ఏదైనా ఉందేమో చూడండి, కత్తెర పడిన చోటే మీకు కావలసింది ఉండొచ్చు.

వెతకడం

పేరుతో వెతికితే ఆడవాళ్ళు దొరకరు. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, రికార్డుల్లో చాలాసార్లు ఫలానావాడి భార్య అని మాత్రమే ఉంటుంది, స్పెల్లింగ్ గుమాస్తా ఇష్టం. అందుకని ఆమె చుట్టూ ఉన్న మగవాళ్ళ పేర్లు, ఊరు, వీధి, పనిచేసిన చోటు పెట్టి వెతకాలి. భర్త వీలునామా, అన్నదమ్ముల ఆస్తి తగాదా, కొడుకు బాప్టిజం రిజిస్టర్, ఇలాంటి వాటిలో ఆమె పక్క వాకిట్లోంచి వస్తుంది. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు కేసులు 1674 నుంచి 1913 దాకా ఆన్‌లైన్‌లో ఫ్రీగా చదువుకోవచ్చు, దొంగతనాల్లో, హత్యల్లో సాక్ష్యం చెప్పిన పనిమనుషులు, చాకలివాళ్ళు, మంత్రసానులు ఎలా మాట్లాడేవాళ్ళో తెలుసుకోవడానికి ఇంతకంటే పెద్ద గని నాకు తెలియదు. మీ కథ ఇంగ్లండ్‌ది కాకపోయినా ఒకసారి చదవండి, సాక్షులు ఏ సంగతులు గుర్తుపెట్టుకుంటారో తెలుస్తుంది, కిటికీ తెరిచి ఉందా, చేతిలో ఏముంది, దీపం ఎవరు పట్టుకున్నారు.

తేదీలూ వయసులూ మాత్రం గుడ్డిగా నమ్మకండి. 1841 ఇంగ్లండ్ జనాభా లెక్కల్లో 15 దాటినవాళ్ళ వయసుని కిందకి దించి ఐదుల లెక్కలో రాశారు, 34 ఏళ్ళ మనిషి 30 అయిపోతుంది. ఇంగ్లండ్‌లో 1752 వరకూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అంటే పాత కాయితంలో 1650 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1651. ఈ ముక్క తెలియకపోతే పెళ్ళికి ముందే బిడ్డ పుట్టినట్టు లెక్క తేలి, లేని రహస్యం మీద ఒక ఛాప్టర్ రాసే ప్రమాదం ఉంది.

దొరికినదంతా ఒక టైమ్‌లైన్‌లో పెట్టండి, ఒక కాలమ్‌లో తేదీ, రెండో దాంట్లో ఏం జరిగింది, మూడో దాంట్లో ఎలా తెలిసింది, నాలుగో దాంట్లో ఆ రోజుకి ఆమె వయసు. నాలుగోది చాలామంది వదిలేస్తారు, కానీ అసలు పని చేసేది అదే. 14 ఏళ్ళు అని పక్కన కనిపిస్తుంటే ఆ సీన్‌లో ఆమె చేత 40 ఏళ్ళ మాటలు మాట్లాడించలేరు.

చట్టం, పని, ఒళ్ళు

బట్టలు, నగలు, ఇంటి సామాను గురించి కొత్త రైటర్లు కుప్పలు తెప్పలుగా చదువుతారు, చట్టం గురించి చదవరు. ఆమె సంపాదన ఎవరిది, పిల్లలు ఎవరికి చెందుతారు, భర్తని వదిలి వెళ్తే పోలీసులు వెనక్కి తీసుకొస్తారా, ఆస్తి రాయగలదా, సాక్ష్యం చెల్లుతుందా, ఇవి తెలిస్తేనే కథలో ఏది సాధ్యమో తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళు తమ పేరు మీద ఆస్తి పూర్తిగా ఉంచుకోగలిగింది 1882 చట్టం తర్వాతే. ఇండియాలో వితంతు వివాహ చట్టం 1856లో వచ్చింది, కానీ అదే చట్టం ప్రకారం మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి భర్త ఆస్తిలో హక్కు పోతుంది, ఈ ఒక్క క్లాజ్‌లోనే ఒక నవలంత సంఘర్షణ ఉంది. రుఖ్మాబాయి కేసు వెనక కూడా తల్లి ద్వారా వచ్చిన ఆస్తి ఉంది, ఆ సంగతి వదిలేస్తే దాదాజీ ఎందుకంత పట్టుబట్టాడో సగమే అర్థమవుతుంది.

తర్వాత పని. ఆమె రోజుకి చేతులతో ఏం చేసేది? మేరీ ఆనింగ్ అని ఇంగ్లండ్‌లో లైమ్ రీజిస్ దగ్గర సముద్రపు కొండల్లో శిలాజాలు తవ్వి అమ్ముకుని బతికిన ఆమె ఉంది, 1799లో పుట్టి 1847లో పోయింది. ఆమె ఎక్కువగా వెతికింది చలికాలంలో, ఎందుకంటే తుఫానులకి కొండ చరియలు విరిగిపడినప్పుడే కొత్తవి బయటపడతాయి, వాటిని మళ్ళీ సముద్రం లాక్కుపోయేలోపు తీసుకోవాలి. అంటే ఏ కొండ విరిగితే ఆమెకి బతుకో అదే కొండ విరిగితే చావు. 1833లో అలాగే చరియ పడి ఆమె కుక్క ట్రే కళ్ళముందే చచ్చిపోయింది, ఆమె తప్పించుకుంది, ఆ సంగతి ఒక స్నేహితురాలికి ఉత్తరంలో రాసుకుంది. ఆమె తవ్వి తీసిన ప్లీసియోసార్ అనే పురాతన సముద్ర జంతువు శిలాజాన్ని 1824లో లండన్ జియొలాజికల్ సొసైటీలో కోనిబేర్ అనే శాస్త్రవేత్త చూపించాడు, ఆమె పేరు కూడా ఎత్తలేదు. కొత్తవాళ్ళు వెంటనే ఆ సొసైటీ మీటింగ్ సీన్ రాయడానికి పరిగెడతారు, నేనైతే ఆ పూట ఆమె ఎక్కడ ఉండి ఉంటుందో అది రాస్తాను, చలికాలం కదా, సముద్రం ఒడ్డున తడి బట్టల్లో, చేతిలో సుత్తి. అన్యాయం దానంతట అదే కనిపిస్తుంది, ఎవరూ మైకు పట్టుకుని చెప్పక్కర్లేదు.

పని అనేది ఒంట్లోకి ఎలా వెళ్తుందో కూడా చూడండి. అమెరికాలో న్యూజెర్సీలోని ఆరెంజ్ ఊళ్ళో 1917 నుంచి వాచీల డయల్స్ మీద రేడియం పెయింట్ వేసిన అమ్మాయిలకి, కుంచె మొన సన్నగా రావడానికి పెదాలతో తడిపి తిప్పమని నేర్పించారు. అంకెకి ఒకసారి పెదాలు, మళ్ళీ పెయింట్, మళ్ళీ పెదాలు. జుట్టు, బట్టలు చీకట్లో మెరిసేవి, అది వాళ్ళకి సరదాగా ఉండేది. తర్వాత దవడ ఎముకలు కుళ్ళడం మొదలైంది, 1927లో గ్రేస్ ఫ్రయర్, ఇంకో నలుగురు దావా వేశారు, 1928లో రాజీ అయింది. ఈ కథ రాసేవాళ్ళు మొదటి పేజీ నుంచే భయం నింపేస్తారు, తప్పు. ఆ పిల్లలకి అది మంచి జీతం వచ్చే శుభ్రమైన ఉద్యోగం, మెరిసే బట్టలతో డాన్సులకి వెళ్ళారు. ఆ సంతోషాన్ని సంతోషంగానే రాయండి, ముందేం జరుగుతుందో పాఠకుడికి తెలుసు, మనం మధ్యలో దూరి హెచ్చరించక్కర్లేదు.

పురుడు, నెలసరి, పాలివ్వడం, గర్భం పోవడం, ఇవి లేకుండా ఆడవాళ్ళ చారిత్రక నవల ఉండదు. నొప్పి తగ్గించడానికి పురిట్లో క్లోరోఫామ్ వాడటం 1847లో మొదలైంది, అంతకు ముందు కథైతే అది లేదు, తర్వాత కథైనా ఎంతమందికి అందిందో చూసుకోవాలి. టైమ్‌లైన్‌లో కాన్పులు అన్నీ గుర్తు పెట్టుకుని చూడండి, మీరు పెద్ద సాహసం చేయించాలనుకున్న నెలలో ఆమెకి ఏడో నెలేమో.

ఖాళీలు నింపడం

నా రూల్ సింపుల్. తేదీ, చోటు, చావు, పుట్టుక, తీర్పు, ఆమె సొంత మాటలు, ఇవి మార్చను. వీటి మధ్యలో ఏం జరిగిందో ఎక్కడా రాయకపోతే అక్కడ కల్పిస్తాను, కానీ ఆ కల్పన రెండు వైపులా ఉన్న నిజాలకి ఆనుకుని ఉండాలి. ఆమె చేయని నేరం ఆమెకి అంటగట్టకూడదు, లేని ప్రేమికుడిని కథ కోసం తెచ్చి పెట్టకూడదు, ఒక ఆడమనిషి తెలివికి వెనక ఎవరో మగవాడు ఉన్నాడని కల్పించడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు.

ఎలా చేస్తారో చూపిస్తా. ఇండియా నుంచి కూలీలుగా ఫిజీకి ఓడల్లో వెళ్ళిన ఒక్కొక్కరికీ ఒక ఎమిగ్రేషన్ పాస్ ఉండేది, దాంట్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు రాసేవాళ్ళు. అలాంటి పాస్ ఒకటి మీ చేతిలో ఉందనుకోండి, గుర్తులు అన్న చోట ఎడమ కాలి మీద మచ్చ అని ఉంది. అంతే, ఇంకేం లేదు. దాన్నుంచి సీన్ ఇలా రావచ్చు:

“తండ్రి పేరు?” గుమాస్తా తల ఎత్తలేదు. ఆమె చెప్పింది. పక్కన నిలబడ్డ మనిషి ఒకసారి ఆమె వైపు చూసి ఊరుకున్నాడు, నిన్న రాత్రి డిపోలో ఆమె చెప్పిన పేరు అది కాదు. “కాలి మీద ఏంటది?” “కాలింది.” ఎలా అని అడుగుతాడేమో అని ఆమె ఆగింది. అతను అప్పటికే ఎత్తు కొలిచే కర్ర వైపు చెయ్యి చూపిస్తున్నాడు.

ఇందులో కర్ర, గుమాస్తా, మచ్చ, తండ్రి పేరు అన్న ప్రశ్న, ఇవి రికార్డు ఇచ్చినవి లేదా రికార్డు వల్ల ఉండక తప్పనివి. పేరు మార్చి చెప్పడం కల్పన, ఇంటి నుంచి తప్పించుకుని వెళ్ళే మనిషి అలా చేయడం సహజం కాబట్టి నిలబడుతుంది. కాలింది అన్న మాట కల్పన, ఎవరు కాల్చారో మాత్రం నేను చెప్పలేదు, ఆ సంగతి నవలలో ఎప్పుడు బయటపడాలో అప్పుడు పడుతుంది, అసలు పడకపోయినా పర్లేదు. ఇదే చోట ఒక కొత్త రైటర్ అయితే ఆమె కళ్ళలో నీళ్ళు, దూరంగా ఓడ, వదిలేసిన ఊరు గుర్తురావడం, ఒక పేజీ నింపేస్తారు. మచ్చ ఒక్కటి చాలు.

హింస రాసేటప్పుడు కూడా ఇదే. ఏం జరిగిందో తెలియాలి, కానీ కెమెరా చేసినవాడి కళ్ళలో ఉండకూడదు. ఆమె ఆ క్షణంలో ఏం చూస్తోందో అది రాయండి, ఆ తర్వాత రోజు ఏ పని చేయాల్సి వచ్చిందో అది ఇంకా రాయండి.

అప్పటి మనిషి ఆలోచన

రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, ఆమె చేత ఇప్పటి మాటలు చెప్పించడం, నా శరీరం నా హక్కు లాంటి వాక్యాలు 1700ల నాటి పాత్ర నోట్లో పెట్టడం. రెండోది దానికి ఎదురు, ఆ కాలంలో ఆడవాళ్ళు అలా ఆలోచించేవాళ్ళే కాదని తేల్చేయడం. రెండోది ఇంకా ఘోరం. 1881లో సూరత్ కోర్టు విజయలక్ష్మి అనే వితంతువుకి బిడ్డని చంపిన నేరానికి ఉరిశిక్ష వేస్తే, తర్వాత అది తగ్గింది, ఆ కేసు మీద పేపర్లలో ఆడవాళ్ళందర్నీ తిట్టిపోస్తుంటే తట్టుకోలేక తారాబాయి షిండే అనే ఆమె 1882లో మరాఠీలో ఒక పుస్తకమే రాసి అచ్చువేయించింది, ఆడవాళ్ళలో ఉన్నాయంటున్న తప్పులన్నీ మగవాళ్ళలో లేవా అని ఒక్కొక్కటీ లెక్కపెట్టి అడిగింది. రుఖ్మాబాయి 1885లో ఒక హిందూ మహిళ అన్న పేరుతో టైమ్స్ ఆఫ్ ఇండియాకి ఉత్తరాలు రాసింది, బాల్యవివాహం ఆడపిల్ల బతుకుని ఎలా తినేస్తుందో సూటిగా చెప్పింది. కాబట్టి ఎవరైనా ఎడిటర్ ఈ క్యారెక్టర్ మరీ మోడర్న్‌గా ఉంది అంటే, ఆ కాలపు కాయితం తీసి చూపించగలగాలి మీరు. కోపం అప్పుడూ ఉంది, దాన్ని చెప్పుకునే పదాలు వేరు, దేవుడి పేరుతో, శాస్త్రాల పేరుతో, తల్లితనం పేరుతో చెప్పుకున్నారు. ఆ పదాలు నేర్చుకోండి.

చదువు విషయం కూడా ఇంతే. రాససుందరీ దేవి అనే బెంగాలీ గృహిణి ఎవరికీ తెలియకుండా పుస్తకంలోంచి ఒక పేజీ తీసుకుని వంటింట్లో దాచుకుని, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుతో పోల్చుకుంటూ చదవడం నేర్చుకుంది, 1876లో తన జీవితచరిత్ర అచ్చయింది. ఆమెకి చదువు విప్లవం కాదు, భక్తి, దేవుడి కథ తనంతట తాను చదువుకోవాలన్న ఆశ. విప్లవం అని మనం అనుకుంటాం. ఆమె అనుకున్నట్టే రాస్తే పాఠకుడికి రెండూ కనిపిస్తాయి.

భాష

మన పాత్రలు తెలుగు మాట్లాడినవాళ్ళు కాకపోవచ్చు, అయినా నవల తెలుగులో నడవాలి. రాజుల సినిమాల గ్రాంథికం పెట్టొద్దు, అది ఏ కాలానిదీ కాదు. మామూలు, శుభ్రమైన వాడుక భాష రాసి, ఈ కాలం వాసన కొట్టే మాటలు మాత్రం తీసేయండి, టెన్షన్, ఫీలయింది, ఓకే లాంటివి. ఎవరు ఎవర్ని పేరు పెట్టి పిలవగలరు, ఎవరు ఎవరి ముందు కూర్చోగలరు, మీరు అంటారా నువ్వు అంటారా, ఇవి ముందే తేల్చుకుని ఒక కాయితం మీద రాసుకోండి, కాలం తెలిసేది పాత మాటల కంటే వీటివల్లే ఎక్కువ.

పోలికలు కూడా ఆమె చూసిన లోకం నుంచే రావాలి. రైలు పుట్టక ముందు బతికిన మనిషి గుండె రైలులా కొట్టుకోదు. ఇంట్లో గడియారం లేని మనిషి ఐదు నిమిషాలు అనుకోదు, పొద్దు, గంట, నీడ, పొయ్యి ఆరడం, అలా లెక్కపెట్టుకుంటుంది. ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి ఎన్నాళ్ళు పట్టేదో చూసుకోండి, సూయజ్ కాలువ 1869లో తెరిచారు, అంతకు ముందు ఇంగ్లండ్‌కీ ఇండియాకీ మధ్య ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి, ఉత్తరాలు మాత్రం 1830ల చివరి నుంచి ఈజిప్టులో నేల మీదుగా కూడా వెళ్ళేవి, ఎలా వెళ్ళినా ఒక ఉత్తరంలో క్షమించు అని రాస్తే జవాబు వచ్చేసరికి కాలం మారిపోతుంది, అలాంటి ఆలస్యాన్ని కథకి వాడుకోండి.

ఫస్ట్ పర్సన్‌లో రాయాలా థర్డ్ పర్సన్‌లో రాయాలా అని చాలామంది అడుగుతారు. ఆమె సొంత రాతలు చాలా దొరికితే థర్డ్ పర్సన్ మంచిది, ఎందుకంటే మీరు రాసే ‘నేను’ ఆమె రాసుకున్న ‘నేను’ పక్కన తేలిపోతుంది. సొంత రాతలేమీ దొరకకపోతే ఫస్ట్ పర్సన్ ధైర్యం చేయొచ్చు.

అచ్చుకి ముందు

కుటుంబాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. వారసులు ఉంటే ముందే చెప్పడం మర్యాద, వాళ్ళ అనుమతి కోసం నిజాలు దిద్దడం మాత్రం వేరే విషయం, అది చేయొద్దు. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది, చాలా చోట్ల చనిపోయినవాళ్ళకి పరువునష్టం ఉండదు, ఇండియాలో అయితే చనిపోయిన మనిషి మీద వేసిన నింద దగ్గర బంధువుల మనసు నొప్పించే ఉద్దేశంతో ఉంటే అది కూడా పరువునష్టం కిందకి రావచ్చు. అచ్చుకాని ఉత్తరాల్లోంచి పేరాలకి పేరాలు ఎత్తి వాడాలంటే కాపీరైట్ ఎవరిదో కనుక్కోండి, కాయితం ఎవరి దగ్గర ఉందో వాళ్ళదే హక్కు అని కాదు. చిన్న పాత్రలకి, బతికున్నవాళ్ళ తాత ముత్తాతలకి పేరు మార్చడానికి సందేహించొద్దు.

వెనకాల ఒక రచయిత మాట తప్పకుండా పెట్టండి, ఒకటి రెండు పేజీలు చాలు. ఏది రికార్డులో ఉంది, ఏ ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక పాత్ర చేశాను, ఏ నెలల్లో నాకేమీ దొరకక కల్పించాను, ఆమె మాటలుగా ఇచ్చిన వాటిలో ఏవి నిజంగా ఆమెవి, ఇవి సూటిగా రాయండి. చాలామంది దీన్ని నవల అయిపోయాక హడావిడిగా రాస్తారు, నేను మాత్రం రెండో డ్రాఫ్ట్‌కి ముందే రాయమంటాను. ఎందుకంటే అది రాస్తున్నప్పుడు ఫలానా సంగతి వదిలేశాను అని ఒక వాక్యం రాయాల్సి వస్తుంది, దాని పక్కన ఎందుకు అని కూడా రాయాలి. ఎందుకంటే అది ఆమెకి సరిపోలేదు అనే జవాబు వస్తే, ఆ రచయిత మాట పక్కన పెట్టి మళ్ళీ ఆ ఛాప్టర్ తెరవండి.